మామయ్య తినేసిన పెట్ట

రూటా మా పికప్ ఎక్కే ముందు సీటు బెల్టులు లెక్కపెట్టింది.

ఉన్నవి రెండే. వాటిలో ఒకదానితో నేను మేకను కట్టేశాను.

"ఈ బండిలో ఎంతమంది పడతారు?" అని అడిగింది. ఒక చేతిలో పెట్టె, ఇంకో చేతిలో నోటుపుస్తకం.

"ఎంతమంది ఎక్కితే అంతమంది."

"తయారుచేసినవాళ్ళు ఎంతమందికని చేశారు?"

"వాళ్ళు జపాన్‌లో కూర్చుని చేశారు మేడమ్. మా డెడ్జా బస్టాండు చూసి చెయ్యలేదు."

వెనక అప్పటికే తొమ్మిది మంది ఉన్నారు. రెండు బంగాళదుంపల మూటలు, ఆసుపత్రి నుంచి ఇంటికి పోతున్న ఒక ముసలమ్మ కూడా. నలుగురు దిగితేగానీ తాను ఎక్కనని రూటా తేల్చేసింది. నేను ఆ మాట వెనక్కి చేరవేశాను. వాళ్ళు కాసేపు మల్లగుల్లాలు పడ్డారు. చివరికి ముసలమ్మ తీర్పు చెప్పింది.

"ఆ పిల్లనే దిగమను నాయనా. ఇంకా ఎక్కలేదు కాబట్టి దిగడం తేలిక."

రూటా ఎక్కింది. ఇరవై కిలోమీటర్లూ డ్యాష్‌బోర్డు పట్టుకుని కూర్చుంది. దారిలో నాతో ఒకే ఒక్క మాట మాట్లాడింది, "నెమ్మదిగా" అని. పద్దెనిమిది సార్లు.

నా పేరు యోతాము. తిలేరే పిల్లల ఆశ్రమంలో డ్రైవర్ని. డ్రైవరంటే బండి ఒక్కటే నడుపుతాడని కాదు. తలుపు ఊడితే యోతాము, బల్బు పోతే యోతాము, నలభై మూడు మంది పిల్లల్లో ఎవరి పన్ను కదిలినా యోతాము. రూటా చిన్నపిల్లల చదువూ ఆరోగ్యమూ చూడటానికి లిథువేనియా నుంచి ఏడాది పని మీద వచ్చింది. ఆ దేశం ఎక్కడుందో నాకు తెలీదు. ఒప్పుకోవడం నామోషీ అనిపించి, "అక్కడ ఎండలెలా ఉంటాయి?" అని పెద్ద తెలిసినవాడిలా అడిగాను. ఎండలు ఉండవంది.

మొదటి వారంలోనే గోడల నిండా పట్టికలు వెలిశాయి. పళ్ళు తోముకునే పట్టిక, గోళ్ళు తీసే పట్టిక, ఎవరి పక్కన ఎవరు కూర్చోవాలో చెప్పే పట్టిక. మూడోదాన్ని మేక తినేసింది. పిల్లలు మేకకు చప్పట్లు కొట్టారు.

రెండో వారం వంట నేర్చుకుంటానని వంటింట్లో దూరింది. మా వంటామె నాఫిరి అత్త. నాకు చుట్టరికం ఏమీ లేదు, కానీ ఆ వయసు మనిషిని అత్తా అనకపోతే మా దగ్గర అన్నం పుట్టదు. నలభై మూడు మందికి న్సీమా అంటే మొక్కజొన్న పిండి ముద్ద, పెద్ద డేగిసాలో, మనిషంత తెడ్డుతో కలపాలి. నాఫిరి అత్త నడుం మీద చేతులు పెట్టుకుని చూసింది.

"తల్లీ, నువ్వు తెడ్డును తిప్పుతున్నావా, తెడ్డు నిన్ను తిప్పుతోందా?"

"పట్టు దొరుకుతోంది అత్తా," అంది రూటా, చెమటలు కక్కుతూ.

దొరకలేదు. ఆ పూట మేమంతా ముద్దను గ్లాసుల్లో పోసుకుని తాగాం.

కానీ మనిషి మొండిది. మూడో నెలకు ముద్ద ముద్దలాగే వచ్చింది. సాయంత్రాలు అరుగు మీద కూర్చుంటే ఒళ్ళో ఇద్దరు, వెనక ముగ్గురు ఆడపిల్లలు ఆ గడ్డిరంగు జుట్టుకు జడలు వేసేవాళ్ళు. ఆ జుట్టు జారిపోతోందని, ఎంత అల్లినా నిలవదని నాకు ఫిర్యాదు చేసేవాళ్ళు, నేనేదో మేకు కొట్టి బిగించగలనన్నట్టు. ఒక పిల్లకు జ్వరం వస్తే మూడు రోజులు మంచం పక్కనే కూర్చుంది. తగ్గాక బయటికొచ్చి బోరింగు దగ్గర ముఖం కడుక్కుంటూ ఏడ్చింది. నేను చూడనట్టు బండి టైరు తన్నుతూ నిలబడ్డాను.

ఆరో నెలలో ఒకరోజు బస్టాండు దగ్గర బండి నిండిపోయింది. ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు పరిగెత్తుకొస్తున్నారు. రూటా కిటికీలోంచి తల బయటపెట్టి, అరచేత్తో తలుపు మీద బాదుతూ, "ఇంకా ఇద్దరు పడతారు, సర్దుకోండి," అని మా భాషలో అరిచింది.

ఆ రోజుతో నా పని అయిపోయింది. అంతకుముందు ఇష్టపడ్డానేమో తెలీదు, ఆ తర్వాత మాత్రం ఇంకేం మిగల్లేదు. కానీ చెప్పేదెలా? ఏడాది పూర్తయ్యాక వెళ్ళిపోయే మనిషికి ఏమని చెప్తాం? అందుకని ముందు సీటు రోజూ తుడిచేవాణ్ణి. అంతకు మించి నాకు చేతకాలేదు.

సెప్టెంబరులో ఆశ్రమం బోరింగు చెడిపోయింది. నాకు తెలిసినదంతా చేశాను, అంటే గట్టిగా కొట్టాను. ఇక మా మామయ్యను పిలవాల్సి వచ్చింది. బిలియాతి మామయ్య మా అమ్మకు అన్న. ఐదూళ్ళ బోరింగులకు ఆయనే డాక్టరు. రెండు రోజులు రాడ్లన్నీ పైకి లాగి, వాషర్లు మార్చి, నీళ్ళు తెప్పించాడు. పిల్లల ఇంటి పనికి డబ్బు తీసుకోనన్నాడు.

"అలా ఎలా ఊరుకుంటాం? పద్ధతిగా కృతజ్ఞత చెప్పాలి," అంది రూటా. నేనా వారం ఆశ్రమం సరుకుల కోసం రాజధాని లిలాంగ్వే వెళ్ళాను. లేకపోతే ఈ కథ ఉండేది కాదు.

మా దగ్గర పెళ్ళి ఖాయం కావాలంటే కోళ్ళు చేతులు మారాలి. అబ్బాయివైపు నుంచి పుంజు, అమ్మాయివైపు నుంచి పెట్ట. అబ్బాయీ అమ్మాయీ నోరు మెదపకూడదు. ఇద్దరికీ చెరో పెళ్ళిపెద్ద ఉంటారు, మామూలుగా మేనమామలు. మాటలన్నీ వాళ్ళవే. నా పెళ్ళిపెద్ద బిలియాతి మామయ్యే.

రూటా అంతకు నెల ముందు ఊళ్ళో ఒక ఇంటికి నాఫిరి అత్త వెంట విందుకు వెళ్ళింది. అక్కడ జనం పెద్దాయన ముందు మోకాళ్ళ మీద కూర్చుని, కొత్తబట్టలో చుట్టిన పెట్టను అప్పగించడం చూసింది. పెద్దవాళ్ళకు కృతజ్ఞత చెప్పే పద్ధతి ఇదే కాబోలనుకుని నోటుపుస్తకంలో రాసుకుంది. కొత్తబట్ట. బతికున్న పెట్ట. పెద్దావిడ వెంట ఉండాలి. మనం మాట్లాడకూడదు. వరసగా నాలుగు పాయింట్లు.

నాలుగూ తు.చ. తప్పకుండా పాటించింది.

నేను లిలాంగ్వే నుంచి తిరిగొచ్చేసరికి మామయ్య కబురు పెట్టాడు. వెళ్తే, అరుగు మీద ఆయన, పక్కన చాప మీద మా అమ్మ కళ్ళు ఒత్తుకుంటూ.

"ఎవరైనా పోయారా?" అన్నాను.

"నువ్వే పోతున్నావు," అంది అమ్మ.

"ఒరేయ్, తెల్లమ్మాయి పెట్టను తెచ్చిందిరా," అన్నాడు మామయ్య. "వంటామెను పెళ్ళిపెద్దగా పెట్టుకుని, కొత్తబట్టలో చుట్టి, నా కాళ్ళ ముందు పెట్టి మోకాళ్ళ మీద కూర్చుంది. ఒక్క మాట మాట్లాడలేదు. ఆ మర్యాద మన పిల్లల్లో ఎక్కడుంది ఈ కాలంలో? మామూలుగా మగపిల్లాడివైపు వాళ్ళు ముందు వెళ్ళాలి, ఒప్పుకుంటాను. పాపం ఆ పిల్లకు ఇక్కడ ఎవరున్నారు? తొందర పడింది."

"మామయ్యా, అది బోరింగు బాగుచేసినందుకు అయ్యుంటుంది."

"బోరింగుకు కొత్తబట్టలో చుట్టి ఎవరు తెస్తార్రా?"

"పోనీ ఆ పెట్టను తిరిగిచ్చేద్దాం."

మామయ్య గడ్డం గోక్కున్నాడు. "ఆదివారం చుట్టాలొచ్చారు."

"తినేశావా?"

"నేనొక్కణ్ణే కాదు. మీ అమ్మ కూడా తింది."

"రెక్క ముక్కేరా," అంది అమ్మ, ఏడుపు ఆపి.

పెట్టను పుచ్చుకుని తినేశాక ఒప్పుకున్నట్టే. దానికి ఇక అప్పీలు లేదు. అమ్మ ఏడుపు వేరే. మా వంశంలో పెళ్ళయ్యాక మొగుడే పెళ్ళాం ఊరికి పోతాడు. పోయి, ముందు అత్తవారి పొలం తవ్వి, తన చేవ చూపించాలి.

"ఆ ఊళ్ళో నేల గడ్డకడుతుందంటగా. నా కొడుకు ఆ గడ్డను పారతో తవ్వాలా?" అంది అమ్మ.

"అక్కడ ఏం పండిస్తారు?" అని మామయ్య అడిగాడు.

"బంగాళదుంపలు అని చెప్పింది ఒకసారి."

మామయ్య ముఖం వికసించింది. "మనలాంటివాళ్ళే. ఇంక దిగులెందుకే చెల్లీ, వీడికి దుంపలు తవ్వడం వచ్చు."

ఆశ్రమానికి తిరిగి నడుస్తూ దారి పొడవునా ఒకటే అనుకున్నాను. వెళ్ళగానే చెప్పేయాలి. అమ్మాయ్, నువ్వు తెలీక నన్ను పెళ్ళాడమని అడిగావు, కంగారు పడకు, నేను సర్దేస్తాను అని.

రూటా గేటు దగ్గరే ఎదురొచ్చింది. "మీ మామయ్య ఎంత సంతోషించారో తెలుసా? నా చేతులు రెండూ పట్టుకుని ఊపారు. ఇక్కడివాళ్ళకు కృతజ్ఞత అంటే ఎంత విలువో."

"చాలా విలువ," అన్నాను.

ఆఫీసు బల్ల మీద ఒక కాగితం ఉంది. అక్టోబరు నెలాఖరుకు ఆమె ఏడాది పూర్తవుతుంది. ఉండదలచుకుంటే దాని మీద సంతకం పెట్టాలి, రెండేళ్ళకు. ఆలోచిస్తున్నానంది. ఊరంతా తనను చూసి ముసిముసిగా నవ్వుతోందని తెలిస్తే ఏ మనిషి ఉంటుంది? సంతకం పడ్డాక చెప్దాం అనుకున్నాను. అది సగం నిజం. మిగతా సగం, నాకు ఆ పొరపాటు నచ్చింది.

ఆ నాలుగు వారాలూ రూటాకు ఊరు కొత్తగా కనిపించింది. సంతలో ఆడవాళ్ళు లేచి చోటిచ్చారు. మా అమ్మ గుమ్మడికాయ పంపింది. ముందు సీటు వైపు ఎవరూ కన్నెత్తి చూడలేదు. బండిలో పద్నాలుగు మంది ఒకరి మీద ఒకరు కూర్చున్నా ఆ సీటు ఖాళీగా ఉంచి, "అమ్మాయి కూర్చుంటుంది," అనేవాళ్ళు.

"ఎందుకు అందరూ ఇంత మంచిగా ఉంటున్నారు?" అని అడిగింది నన్ను.

"వాతావరణం బాగుంది కదా."

"ముప్పై నాలుగు డిగ్రీలు యోతాము."

రెండుసార్లు చెప్పబోయాను. ఒకసారి మేక అడ్డొచ్చింది. రెండోసారి ఏదీ అడ్డు రాలేదు. నేనే "ఇంజన్ ఆయిల్ మార్చాలి" అని చెప్పి వచ్చేశాను.

ఆఖరికి పిల్లలు చెప్పారు. ఒక శనివారం మధ్యాహ్నం ఆడపిల్లలు పెరట్లో ఆట మొదలుపెట్టారు. ఒకత్తి ముఖానికి పిండి రాసుకుంది. ఇంకొకత్తి బొగ్గుతో మీసం దిద్దుకుంది. పిండి ముఖంది చుట్టిన గుడ్డను రెండు చేతులా మీసాలదాని ముందు పెట్టి మోకరిల్లింది. మీసాలది ఆ గుడ్డను చప్పరిస్తూ తిన్నట్టు నటించి, త్రేన్చింది. రూటా పగలబడి నవ్వింది.

"ఏం ఆట ఇది?"

"నీ పెళ్ళి," అంది ఏడేళ్ళ తదాలా. "ఇది నువ్వు. ఇది బిలియాతి తాత. నువ్వు యోతామన్నను చేసుకుంటానని పెట్టనిచ్చావు కదా."

నేను బండి కింద ఉన్నాను. అక్కడే ఉండిపోతే బాగుండేది. ముందు నవ్వు ఆగిపోవడం వినిపించింది, తర్వాత ఆమె చెప్పులు నా పాదాల దగ్గరికొచ్చి ఆగాయి.

"బయటికి రా."

వచ్చాను.

"నిజమేనా?"

"నిజమే."

"నీకు ఎప్పట్నుంచి తెలుసు?"

"లిలాంగ్వే నుంచి వచ్చిన రోజు."

"నాలుగు వారాలు." ఆమె వేళ్ళు మడిచి లెక్కపెట్టింది. "నన్ను తప్ప ఊరంతా నా పెళ్ళి చేసేసింది. గుమ్మడికాయకు థాంక్స్ చెప్తూ మీ అమ్మకు ఉత్తరం రాశాను యోతాము. ఆవిడ చుట్టుపక్కల అందరికీ చూపించుకుని ఉంటుంది."

"గోడకు అంటించింది."

"ఎందుకు చెప్పలేదు?"

అబద్ధాలు రెండు మూడు సిద్ధంగానే ఉన్నాయి. కానీ ఆమె కళ్ళు ఎర్రగా ఉన్నాయి, నాకు సిగ్గేసింది. "పొరపాటని చెప్పేస్తే అది పొరపాటైపోతుంది కదా. చెప్పనన్ని రోజులూ... ఏమో, నిజమేమో అనుకునే వీలుండేది," అన్నాను.

ఆమె లోపలికి వెళ్ళిపోయింది. మర్నాడు సంతకు వెళ్తూ బండి వెనక ఎక్కింది, మూటల మధ్య. ముందు సీటు ఖాళీగా ఊగుతూ వచ్చింది. ఆఫీసు బల్ల మీద కాగితం అలాగే ఉంది. నెలాఖరుకు ఆరు రోజులు.

నాఫిరి అత్త మీద కూడా మండిపడింది రూటా.

"మీకు తెలుసు. నా పక్కనే ఉన్నారు. ఎందుకు ఆపలేదు?"

"కోడి బరువుగా ఉంది తల్లీ, ఆయాసంలో మాట రాలేదు," అంది అత్త.

"అయితే ఇప్పుడు రండి. మీ మామయ్య దగ్గరికి వెళ్ళి నేనే ఇది తేలుస్తాను," అంది రూటా, రెండో సగం నా వైపు తిరిగి.

గురువారం సాయంత్రం మామయ్య ఇంటిముందు చాపలు పరిచారు. ఒకవైపు మామయ్య, అమ్మ, నేను. ఎదురుగా నాఫిరి అత్త, రూటా. ఊరు చూడనట్టు నటిస్తూ కంచె అవతల నిలబడింది.

రూటా నోరు తెరవబోయింది. మామయ్య చెయ్యెత్తాడు. "అమ్మాయి మాట్లాడకూడదు. పెద్దావిడ చేత చెప్పించు."

రూటా పళ్ళు బిగించి అత్త చెవిలో చెప్పింది. అత్త గొంతు సవరించుకుంది. "మా పిల్ల అంటోంది, ఆ పెట్ట బోరింగు కోసమట. తెలీక అలా తెచ్చిందట. మీ మనసు నొప్పిస్తే క్షమించమంటోంది."

కంచె అవతల ఊరు ఉసూరుమంది. ఇన్నాళ్ళూ కొడుకు పోతాడని ఏడ్చిన మా అమ్మ ఒక్కసారి నిటారుగా కూర్చుంది.

"మావాడికేం తక్కువ?"

రూటా మళ్ళీ అత్త చెవిలో చెప్పింది. "తక్కువేం లేదట. నాలుగు వారాలు దాచాడు, అదే ఎక్కువట."

మామయ్య నా వైపు తిరిగాడు. ఆయన ముఖంలో నవ్వు లేదు. "పెట్ట లెక్క పోయింది. అది బోరింగుకు చెల్లు. ఇప్పుడడుగుతున్నా, నీకు చెప్పుకోవాల్సిన మాట ఏమైనా ఉందా? ఉంటే నా చెవిలో చెప్పు. లేకపోతే లేచి ఇంటికి పో."

వంగి ఆయన చెవిలో చెప్పాను. "ఆమె ముందు సీట్లో లేని రోజు దారి తెగట్లేదని చెప్పు మామయ్యా."

మామయ్య ఛాతీ నింపుకుని ఊరంతటికీ వినిపించేలా ప్రకటించాడు. "మావాడు అంటున్నాడు, ఈ పిల్ల పక్కన లేకపోతే బండి సరిగా నడపలేడట. అసలు దాని బ్రేకులు కూడా బాగుండవు, అది వేరే సంగతి."

"అలా కాదు," అన్నాను నెమ్మదిగా.

"ఏది కాదు? బ్రేకులా?"

అత్త వైపు నుంచి జవాబొచ్చింది. "దాచినవాడు రేపు ఇంకేం దాస్తాడో ఎవరికి తెలుసు అంటోంది."

"భయపడ్డానని చెప్పు," అన్నాను మామయ్య చెవిలో. "నిజం తెలిస్తే వెళ్ళిపోతుందని భయపడ్డాను."

మామయ్య మొహం ముడుచుకున్నాడు. "మన వంశంలో మగవాడు భయపడ్డాడని నా నోటితో చెప్పించకురా."

"చెప్పు మామయ్యా."

"మావాడు," అని మామయ్య కాసేపు ఆకాశం చూశాడు, "కొంచెం ఆలోచనలో పడ్డాడట."

"భయపడ్డాను," అన్నాను పైకే, ఆమెను చూస్తూ. "ఇప్పుడు కూడా భయంగానే ఉంది. నువ్వు వెళ్ళిపోతే నేనేం చెయ్యాలో నాకు తెలీదు. నీకు చెప్పకపోవడం తప్పు. నీ పరువు పోతుంటే నేను చూస్తూ సంతోషపడ్డాను. అది ఇంకా తప్పు."

కంచె అవతల ఎవరో గుటక మింగారు. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. మామయ్య, "నోరు ముయ్యరా, నన్నెందుకు పెట్టుకున్నావు మరి?" అని కసిరాడు. రూటా తల దించుకుంది, కానీ వారం రోజుల్లో మొదటిసారి ఆ పెదవుల చివర చిన్న కదలిక కనిపించింది.

తర్వాత ఆమె అత్త చెవిలో చాలాసేపు చెప్పింది. మా అందరికన్నా ఎక్కువ వాగే అత్త, విన్నాక ముందు కళ్ళు తుడుచుకుంది.

"ఆఫీసులో కాగితం మీద పొద్దున్నే సంతకం పెట్టేసిందట. ఇక్కడికి రాకముందే. రెండేళ్ళకు. మీవాడి కోసం కాదట, పిల్లల కోసమట. ఆ మాట స్పష్టంగా చెప్పమంది."

"చెప్పావు," అన్నాడు మామయ్య.

"ఇంకా ఉంది. మీవాడి సంగతి ఏమీ తేల్చుకోలేదట. టైం కావాలట. తేలేదాకా ఎవరూ తనను కోడలా, వదినా అనకూడదట."

"గుమ్మడికాయ?" అంది అమ్మ.

"గుమ్మడికాయ బాగుందట."

మామయ్య తల పంకించాడు. "న్యాయంగానే ఉంది. మరి మన పద్ధతి మనం వదలకూడదు. పిల్ల మనసు తేలేదాకా వీడు పిల్లవైపువాళ్ళ పొలం తవ్వాలి. ఆ దేశం వెళ్ళిరావడానికి..."

"ఆ దేశం ఎందుకయ్యా?" అంది నాఫిరి అత్త. "ఇక్కడ పిల్లవైపు పెద్దని నేను. నాకు ఎకరన్నర మొక్కజొన్న చేను. వానలు రాకముందే మట్టి ఎగదోసి బోదెలు ఎత్తాలి. ఈ ఏడు మనిషే దొరకలేదు."

అందరం ఆవిడ వైపు చూశాం. రూటా కూడా.

"అత్తా," అన్నాను, "కోడిని తెచ్చిన రోజు నీకు ఆయాసం నిజంగానే వచ్చిందా?"

"నాకు కళ్ళు లేవా? మీ ఇద్దర్నీ ఏడాదిగా చూస్తున్నాను. తల్లీ, నీకు చెప్పకపోవడం నాదే తప్పు. దానికి నువ్వేం శిక్ష వేసినా వేయి. కానీ చేను మాత్రం తవ్వించనీ."

నాఫిరి అత్త చేను మా ఇంటికి అరగంట నడక. ఆ సంగతి తట్టగానే మా అమ్మ నవ్వడం మొదలుపెట్టి, ఎక్కిళ్ళొచ్చేదాకా ఆపలేదు.

మూడు వారాలు తవ్వాను. తెల్లవారగానే రెండు గంటలు, బండి పని అయ్యాక సాయంత్రం రెండు గంటలు. నేల పెంకులా ఉంది. అరచేతులు బొబ్బలెక్కాయి. అత్త చేను అంచున కూర్చుని, "ఆ బోదె వంకర పోయింది," అంటూ ఉండేది. రూటా మొదటి వారం రాలేదు. రెండో వారం నీళ్ళు తెచ్చి, బిందె పెట్టి వెళ్ళిపోయింది. మూడో వారం వచ్చి కూర్చుంది. వాళ్ళ నాన్నకు కూడా మాట దాచే అలవాటుందని, అందుకే తనకు అంత కోపం వచ్చిందని చెప్పింది. నేను పార ఆపి విన్నాను. అది మొదలు మేం రోజూ మాట్లాడుకున్నాం, అత్త నిద్ర నటిస్తుంటే.

నవంబరు మూడో వారంలో ఒక సాయంత్రం కొండల మీద మబ్బు నల్లగా దిగింది. ఇంకా నాలుగు బోదెలు మిగిలాయి. మొదటి చినుకు నా మెడ మీద పడింది, రెండోది పార మీద. తర్వాత లెక్క లేదు. మట్టివాసన గుప్పుమంది. నేను తలెత్తేసరికి అత్త లేదు. రూటా మాత్రం అడ్డదారిన, ఎత్తిన బోదెల మీదుగా నడిచొస్తోంది. జుట్టు ముఖానికి అతుక్కుపోయింది.

"రెండు బోదెలు తొక్కేశావు," అన్నాను. "అత్త ఊరుకోదు."

"అత్తను ఇంటికి పంపించేశాను."

"మరి నువ్వేదైనా చెప్పాలంటే ఎవరు చెప్తారు?"

"నాకు నోరుంది." అడుగు దూరంలో ఆగింది. "ఆ రెండేళ్ళు పిల్లలవి. అందులో మార్పు లేదు."

"తెలుసు."

"ఇది నీది." ముఖం మీద నీళ్ళు తుడుచుకుంది, ఏం లాభం, వెంటనే మళ్ళీ తడిసింది. "ఒప్పుకున్నాను."

నా చేతిలోంచి పార జారింది. మామయ్య చెవిలో చెప్పడానికి మూడు వారాలుగా కూర్చుకున్న మాటలు చాలా ఉన్నాయి. ఒక్కటీ గుర్తు రాలేదు.

"ఏదైనా అనవా? ఇన్నాళ్ళూ నీ సంగతులన్నీ మీ మామయ్య గొంతుతో విన్నాను."

"నువ్వంటే నాకు ప్రేమ," అన్నాను. "ఆరో నెల నుంచి."

"నాకు ఐదో నెల నుంచి," అంది రూటా. "చెప్పడానికి భయమేసింది."

వాన ఇంకా పెద్దదైంది. ఇద్దరం ఒకరినొకరు చూసుకుని పిచ్చివాళ్ళలా నవ్వుకున్నాం. తర్వాత ఆమె వంగి ఆ పార తీసి నా చేతికిచ్చి, ఇంకోటి తెచ్చుకుంది. చీకటి పడేలోపు ఆ రెండు బోదెలూ కలిసి మళ్ళీ ఎత్తేశాం.